మూడో తల

మిట్టమధ్యాహ్నం. హాల్లో ఫ్యాన్ ఆగి ఉంది. చాప మీద తల్లి, సోఫాలో ఫోను పట్టుకుని కొడుకు, వంటింటి గుమ్మంలో కోడలు.

“మళ్ళీ ఆపావేంట్రా? ఇప్పుడేగా వేశాను.”

“ఇవాళ్టికి మన కార్బన్ కోటా, అదే, కరెంటూ గ్యాసూ వాడితే లెక్కేసే పొగ, అయిపోయిందమ్మా. ఇదిగో, ఫోన్లో ఎర్రగా చూపిస్తోంది.”

“నా మొహం అంతకంటే ఎర్రగా ఉంది. ఇటు చూడు.”

“ఏవండీ, అత్తయ్యకి ఒళ్ళంతా చెమట. మీ గదిలో ఏసీ నడుస్తోందిగా, కాసేపు అక్కడ పడుకోనివ్వండి.”

“అది ఆఫీసు గది. నేను ఇంటి నుంచి పని చేస్తాను కాబట్టి ఆ ఏసీ ఆఫీసు లెక్కలోకి పోతుంది. అమ్మ పడుకుంటే ఇంటి లెక్కలోకి వచ్చేస్తుంది.”

“గదిలో ఎవరూ లేరు కదండీ ఇప్పుడు?”

“కంప్యూటర్ ఉంది.”

“ఒరేయ్, నన్ను తీసుకురావడానికి అంత పెద్ద కారేసుకుని మీ అన్నయ్య ఇంటికొచ్చావే, అదెవరి లెక్క?”

“దార్లో కస్టమర్ని కలిశానమ్మా. అదీ ఆఫీసుదే.”

“బాగుంది. పొగ నీది, లెక్క ఊళ్ళోవాళ్ళది.”

“నీకు తెలీదు. భూమి వేడెక్కిపోతోంది.”

“తెలుస్తూనే ఉంది. దాని మీదే పడుకున్నాగా.”

“నిన్న కూర సగం ఉడక్కుండానే మీ అబ్బాయి స్టవ్ ఆపేశారు అత్తయ్యా. మిగతాది పొట్టలో ఉడుకుతుందన్నారు.”

“నేననలేదు.”

“అన్నారు.”

“సరే, అన్నాను. ఇంకాసేపట్లో అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. అన్ని ఫ్లాట్లలోకీ తక్కువ పొగ మనదే అని తేలితే స్టేజీ ఎక్కి మాట్లాడేది నేను. కాస్త ఓర్చుకోమ్మా.”

“ఓర్చుకుంటాలే. ఇన్నాళ్ళకి నేను గుర్తొచ్చాను, అదే చాలు. ‘నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదమ్మా’ అని నువ్వన్నప్పుడు, మీ అన్నయ్య ముందే ఏడ్చేశాను.”

“అదే... ఆ... నీళ్ళు తాగుతావా?”

“నీళ్ళ సంగతి తర్వాత. అత్తయ్యకి అసలు సంగతి చెప్పరేం?”

“నువ్వు లోపలికెళ్ళు.”

“వెళ్ళను. అత్తయ్యా, మేమిద్దరమే ఉన్నప్పుడు ఈ ఇంటి లెక్క చాలా ఎక్కువొచ్చింది. ఇంటి మొత్తాన్ని ఇంట్లో ఉన్న తలలతో భాగిస్తారట. ఇద్దరైతే ఎక్కువ, ముగ్గురైతే—”

“ఇంక చాల్లే.”

“నా తల కోసం తెచ్చావట్రా నన్ను?”

“తల ఒక్కటే కాదమ్మా... అంటే...”

“ఫ్యాన్ అడగని తల అనుకున్నావు. చవగ్గా దొరికింది.”

“అట్లా మాట్లాడకు. వాళ్ళొచ్చి, ఇక్కడే ఉంటారా అని నిన్నడుగుతారు. ఊఁ అను. అంతే.”

“అనకపోతే?”

“అమ్మా, ప్లీజ్. మొత్తం రెండు తలల మీద పడుతుంది. పరువు పోతుంది.”

“ఏవండీ, బెల్లు.”

“అమ్మా, చెప్పింది గుర్తుంది కదా? ఊఁ అను. అమ్మా?”

“రండి బాబూ, రండి. ఇంట్లో ఎంతమందా? ఇద్దరే, రాసుకోండి. నేనా? చుట్టపుచూపుగా వచ్చాను. అమ్మాయ్, పాపం ఎండనపడి వచ్చారు, వీళ్ళని ఆ లోపలి గదిలో కూర్చోబెట్టు. పొద్దుట్నుంచీ ఖాళీగానే ఉంది, చల్లగా ఉంటుంది.”