ఒక్కటే ఫోటో పట్టే కెమెరా

జానయ్య ఏ ముచ్చటైనా రెండోసారి చెప్పాడంటే అది మొదటిసారి కంటే పెద్దదవుతుంది. పొద్దున అడవిపిల్లి అన్నది పొద్దుగూకే సరికి చిరుతపులి అవుతుంది. నకిరేకల్ రోడ్డు మీద ఛాయ్ తాగే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అయినా అతను హోటల్ ముందు బల్ల మీద కూర్చుని గొంగడి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడంటే, ఛాయ్ తాగి లేచినవాడు కూడా మళ్లీ కూర్చుంటాడు.

ఆ రోజు మాత్రం హోటల్ నడిపే రజాక్‌కు ఆ ముచ్చట వినాలని లేదు.

బల్ల చివర బాలనర్సమ్మ కూర్చుని ఉంది. జానయ్య భార్య గుర్వమ్మకు సొంత చెల్లెలు. మర్రిగూడ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. తెల్లవారితే గుర్వమ్మ ఏడాది మాసికం. అక్క ఫోటోను స్టూడియోలో పెద్దది చేయించి, పటం కట్టించి, దండ వేయాలని ఆమె ఆశ. ఫోటో ఉందన్నది జానయ్యే. గుర్వమ్మ దినాల నాడు ఏడుస్తున్న మరదలితో, దుబాయి కెమెరాతో తానే తీశానని అందరి ముందూ చెప్పాడు.

"ఫోటో ఇయ్యి బావా, స్టూడియో ఆయన పగటికి తలుపేసుకుంటడు," అన్నది బాలనర్సమ్మ.

"ఛాయ్ తాగు మరదలా. ఫోటో ఎటు పోతది," అని జానయ్య గొంగడి భుజం మార్చుకున్నాడు.

ఫోటో లేదని రజాక్‌కు తెలుసు. ఎందుకు లేదో కూడా తెలుసు. అతను పొయ్యి మీది గిన్నెలో చక్కెర వేసి, వేశానో లేదో మరిచిపోయి మళ్లీ వేశాడు.

"గా కెమెరా అంటే ఏమనుకున్నవ్," జానయ్య మొదలుపెట్టాడు. "గింతే ఉంటది, సబ్బుబిళ్లంత. రజాక్ తమ్ముడు వహీద్ దుబాయి నుంచి తెచ్చిండు. ఎవ్వని చేతికన్న ఇచ్చిండా? ఇయ్యలే. మామా, నీ చెయ్యి వణకది, నువ్వే పట్టుకో అని నా మెడల ఏసిండు. గొర్ల ఎంబడి గుట్టకు పోయిన. దానికి ఎనుక దిక్కు అగ్గిపెట్టెంత అద్దం ఉంటది, ముందట ఏమున్నదో అంత అండ్ల కానొస్తది. ఎండకు కానరాకపోతే గొంగడి మీద కప్పుకొని చూసిన. గొర్లల్ల ఒక పిల్ల తక్కువున్నది. దూరంది దగ్గరికి గుంజే మీట ఒకటున్నది దానికి, అది ఒత్తిన. అవుతలి గుట్ట మీద బండ పక్కన నా గొర్రెపిల్ల కానొచ్చింది. అంతే. ఉన్నదే చెప్తున్న."

"గది కావచ్చు," అన్నాడు బీరన్న. అతనూ గొర్లు కాసేవాడే.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మీట మీదికెల్లి ఏలు తియ్యలే. పిల్ల ఇంక దగ్గరికొచ్చింది. చెవి మీద కోత కానొచ్చింది. చూస్తే అది నా గుర్తు కాదు, బీరన్న మంద గుర్తు. ఈయన పిల్ల నా మందల కలిసింది, నాది ఈయన మందల పడ్డది. ఇప్పటిదాక చెప్పలే నేను."

"ఇప్పుడన్న ఇయ్యి మరి."

"ముచ్చట నడుమ గొర్రెపిల్లను అడుగుతడు జూడు. ఇంక ఒత్తిన. చూపు నల్గొండ దాటింది, సాగర్ కట్ట మీద ఒకాయన గాలికి బీడి ముట్టక తిప్పలు పడుతున్నడు. ఇంక ఒత్తిన. డిండి దాటింది, పోయి పోయి అచ్చంపేట అడవిల పడ్డది. చెట్టు కింద పెద్దపులి, కాలు నాక్కుంట కూసున్నది. నేను గుంజుతున్న, అది వస్తున్నది, నేను గుంజుతున్న, అది వస్తున్నది. మీసాలు కానొచ్చినయి, మీసాల మీద ఈగ కానొచ్చింది. పులి తల లేపి నా దిక్కే చూసింది. ఇగ నాకు గుండె జల్లుమని మీట ఇడిసిన. ఇడువంగనే పులి మల్ల అచ్చంపేట పోయి పడ్డది."

"ఇడువకపోతే?" అని అడిగాడు పంక్చర్ల సైదులు. పక్క కొట్టు ముందు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పట్టుకుని వింటున్నాడు.

"ఇడువకపోతే మందల పడకపోవునా. బీరన్న పిల్లనే ముందు తింటుండె."

బల్ల మీద వాళ్లు నవ్వారు. బాలనర్సమ్మ నవ్వలేదు. "ఫోటో ముచ్చట చెప్పు బావా," అన్నది.

"ఆడికే వస్తున్న. ముందుగాల మెరుపు ముచ్చట వినాలె. చీకటైతే గా కెమెరా తనంతట తనే మెరుస్తది. పొద్దుగూకినంక దొడ్డికాడ మెరుపు మీట ఒత్తిన. ఊరంత తెల్లగైంది. కోళ్లు కూసినయి. తెల్లారిందని బస్సు డ్రైవరు లేచి మొకం కడుక్కున్నడు. మీ అక్క గూడ తపేల పట్టుకొని పాలు పిండ పోయింది."

"పోతే?"

"బర్రె గూడ నమ్మి పాలిచ్చింది."

సైదులు ట్యూబును వదిలేసి నవ్వాడు. నవ్వుతూనే, "మెరిసిందంటే ఫోటో పడ్డట్టే గద మామా. నీకున్నది ఒక్కటే గద," అన్నాడు. అని, అనకుండా ఉండాల్సిందని తెలిసి రజాక్ వైపు చూశాడు. రజాక్ తల వంచి గిలాసలు కడుగుతున్నాడు.

"పడలే," అన్నాడు జానయ్య. "ఉత్త మెరుపే. గా ఒక్కటి నేను పదిలంగ దాచిన."

రజాక్ చేతిలో గిలాస ఆగింది.

నిరుడు ఎండాకాలం వహీద్ సెలవు మీద వచ్చి, ఇదే బల్ల మీద ఆ కెమెరా పెట్టి చూపించాడు. దానికి రీలు లేదు. ఎన్ని ఫోటోలైనా తీయవచ్చు, బాగా రాకపోతే చెరిపి మళ్లీ తీయవచ్చు. బల్ల మీద వాళ్లంతా ఆ సంగతి విన్న తర్వాత జానయ్య వచ్చాడు. రాగానే, ఇంతకంటే చిన్న కెమెరాను తాను చిన్నప్పుడే చూశానని కోతలు మొదలుపెట్టాడు. ఈయన నోరు ఒక్కసారైనా మూయించాలని అందరికీ అనిపించింది. "మామా, ఇండ్ల ఒక్కటే ఫోటో పడుతది. ఒత్తితివా, ఇగ ఖతం," అన్నాడు వహీద్. జానయ్య నమ్మక రజాక్ వైపు చూశాడు. రజాక్ అబద్ధం చెప్పడని అతని నమ్మకం. రజాక్ ఛాయ్ వడపోస్తూ, మొహం మీద నవ్వు రానీయకుండా, "అవ్ మామా, ఒక్కటే," అన్నాడు. సైదులు ఒట్టు కూడా పెట్టాడు. వహీద్ కెమెరాను జానయ్య మెడలో వేసి, రేపు పొద్దుగూకే వరకు నీదే పొమ్మన్నాడు.

తెల్లారి గుర్వమ్మ ఎప్పటిలాగే హోటల్‌కు పాలు పోయడానికి వచ్చింది. రజాక్ భార్య తాహేరాతో నవ్వుకుంటూ చెప్పింది. "నాకు ఒక్క ఫోటో తియ్యమంటే తియ్యడు బిడ్డా. ఒక్కటే ఉన్నదట. పాత చీర మీద ఖరాబు చెయ్యనంటడు. దసరకు కొత్త చీర కట్టినంక వహీద్‌ను అడిగి తెచ్చి తీస్తడట." ఆమె వెళ్లాక తాహేరా రజాక్ దగ్గరికొచ్చి, "నిజం చెప్పుండ్రి. ఆమెకు ఆశున్నది," అన్నది. పొద్దుగూకినంక అందరం నవ్వుకుని చెప్తంలే అన్నాడు రజాక్. పొద్దుగూకింది. జానయ్య కెమెరాను రెండు చేతులా పట్టుకొచ్చి, "ఫోటో అట్లనే ఉన్నది, ఖర్చు పెట్టలే," అని అప్పజెప్పాడు. అతను పోయేదాకా ఆగి బల్ల మీద వాళ్లంతా కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. రేపు చెబుదాం అనుకున్నారు. ఆ రేపు ఇంకో రేపయింది. వహీద్ దుబాయి పోయాడు. వానలు పడ్డాయి. దసరా రాకముందే గుర్వమ్మకు కామెర్లయి, దవాఖానకు తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది.

ఆ తర్వాత చెప్పడానికి ఏమున్నది. చెప్పకుండా ఉండడమూ తేలిక కాలేదు. ఏడాది పొడుగునా జానయ్య వచ్చి అదే కెమెరా ముచ్చట చెబుతుంటే రజాక్ ఛాయ్ పోస్తూ విన్నాడు. పులి ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరికొస్తూనే ఉంది.

"ఓపిక మీట గూడ ఒకటున్నది," జానయ్య చెబుతున్నాడు. "అది ఒత్తి పెడితే, మనం పోయి ముందట నిలబడేదాక ఆగి, అప్పుడు తీస్తది. నేను దాన్ని బండ మీద పెట్టి, ఒత్తి, నల్గొండ పోయిన. గడ్డం గీయించుకున్న, బువ్వ తిన్న, సుట్టాన్ని పలకరించిన. మల్లొచ్చి చూస్తే పాపం ఎర్రలైటు మిణుక్కు మిణుక్కుమనుకుంట ఇంక ఆగే ఉన్నది. అంత ఓపిక మనిషికి ఏడిది. అడ్డం నిలబడకుండ పక్కకెల్లి పోయి ఆపేసిన. ఆ తర్వాత తారీకు మీట. అది ఎనుకకు తిప్పినకొద్ది పాతకాలం కానొస్తది. మా తాత అదే గుట్ట మీద గొర్లు కాస్తున్నడు. నన్ను చూసి, ఎవ్వని పోరడివిరా నువ్వు అన్నడు."

"నువ్వేమన్నవ్?" అన్నాడు బీరన్న.

"ఏమంట. ఆయనకు అప్పటికింక లగ్గం కాలే. నీ మనుమన్ని అంటే బెదురుకోడా."

ఈసారి బాలనర్సమ్మ పెదవి కూడా కదిలింది. కాని వెంటనే బస్సు అలికిడికి తల తిప్పి పొద్దు చూసింది. "తాతదాక పోయినవ్. అక్క దగ్గరికి రా బావా. ఫోటోల అక్క ఏ చీర కట్టుకున్నది?"

జానయ్య గొంగడి అంచును వేళ్లతో నలిపాడు.

"ఆకుపచ్చ చీర. ఎర్ర అంచు. పాతదే. కొంగు నడుముకు చెక్కింది. దొడ్డి తడిక పక్కన నిలబడ్డది, చేతిల పాల తపేల ఉండె. గొర్రెపిల్ల వచ్చి కుచ్చిళ్లు నములుతుంటే కాలుతోని జరుపుతున్నది. నేను గొంగడి ముసుగేసుకొని అద్దంల చూస్తున్న. గా ముసుగుల ఏం జేస్తున్నవ్, కోడిని దాసుకున్నోని లెక్క, అన్నది. అని నవ్వాపుకున్నది. దగ్గరికి గుంజిన. నుదుటి మీద జొన్నపిండి అంటి ఉండె, రొట్టెలు చేసుకుంట చెమట తుడుసుకున్నట్టున్నది. ముక్కుపుల్ల మీద ఎండ పడ్డది."

బల్ల మీద వాళ్లు ఎదురుచూశారు. ఇక్కడే ఏదో జరగాలి. ముక్కుపుల్ల వెలుగుకు సూర్యాపేట దాకా తెల్లారాలి, లేకపోతే గొర్రెపిల్ల మాట్లాడాలి.

"తర్వాత ఏమైంది?" అన్నాడు బీరన్న.

"తర్వాత ఏం లేదు. అట్లనే నిలబడ్డది."

బాలనర్సమ్మ ఛాయ్ గిలాసను బల్ల మీద పెట్టింది. "పులి వద్దు, తాత వద్దు. ఒక్కటి చెప్పు బావా. మీట ఒత్తినవా?"

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. జానయ్య దాని దుమ్ము అణిగేదాకా అటే చూశాడు.

"ఒక్కటే ఉండె గద మరదలా," అన్నాడు జానయ్య. "పాత చీర. నుదుట పిండి. దసరకు కొత్త చీర కట్టుకుంటది గద అని..."

"మరి దినాల నాడు ఫోటో ఉన్నదంటివి."

"అనకపోతే నువ్వింక ఏడుద్దువు."

బాలనర్సమ్మ స్టూడియో కోసం తెచ్చిన సంచిని మడిచి చంకలో పెట్టుకుంది. సైదులు తొట్టిలోని నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

జానయ్య లేచి పొయ్యి దగ్గరికి వచ్చాడు. "అల్లుడా, వహీద్ ఎప్పుడొస్తడు?"

"బక్రీద్‌కు వస్తనన్నడు మామా."

"కెమెరా తెస్తడా?"

"తెస్తడు."

"అండ్ల నా ఫోటో ఒకటి అట్లనే ఉన్నది. నేను దాన్ని ఏం జేసుకుంట. నువ్వు, తాహేరా కలిసి దిగుండ్రి. మంచి బట్టల కోసం ఆగకుండ్రి. ఏది కట్టుకొని ఉంటే దాని మీదనే దిగుండ్రి."

"మామా, గా కెమెరాల..." అన్నాడు రజాక్. ఏడాది నుంచి ఆగిన మాట నాలుక మీదికి వచ్చింది. ఎదురుగా జానయ్య మొహం ఉంది. తన దగ్గర మిగిలిన ఒక్కటీ ఇచ్చేసిన మనిషి మొహం అది. ఆ మాట బయటికి వస్తే, గుర్వమ్మ దొడ్డి పక్కన నిలబడ్డ ఆ పొద్దున ఎన్ని ఫోటోలు తీసి ఉండవచ్చో ఇతనికి తెలుస్తుంది.

"గా కెమెరాల ఏంది?"

"ఏం లేదు మామా. దిగుతం."

"వద్దనకు మరి. నాదే గద, నేనిస్తున్న," అని జానయ్య గొంగడి సర్దుకుని రోడ్డు మీదికి నడిచాడు. బాలనర్సమ్మ అతని వెంట నాలుగడుగులు నడిచి, పక్కకు చేరింది.

"ఏ చీరంటివి బావా?" అని ఆమె అడగడం రజాక్‌కు వినిపించింది.

గిలాసలు వదిలేసి అతను చెవి పెట్టి విన్నాడు. ఆకుపచ్చ చీర. ఎర్ర అంచు. పాతదే. కొంగు నడుముకు చెక్కింది. గొర్రెపిల్ల కుచ్చిళ్లు నములుతుంటే కాలుతో జరుపుతున్నది. నుదుట జొన్నపిండి. జానయ్య రెండోసారి చెబుతున్నాడు, ఆ గొంతు దూరమై వినపడకుండా పోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

అందులో ఏమీ పెరగలేదు.