చుక్కల్లో వచ్చిన జాబు

మాబున్ని అని పత్తికొండ దిక్కు పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. అయితేనేం, వేళ్లతో చదివేస్తాది. మందపాటి కాగితం మీద ఆవగింజలంత చుక్కలు పొడిచి ఉంటాయి, ఆటి మీద వేలు పారిస్తే ఆ పిల్లకు అక్షరాలు తెలుస్తాయి. అట్ల చదివి చదివి యూనివర్సిటీ దాకా పోయింది. ఆడపిల్లల హాస్టల్లో కింద రూమిచ్చినారంట. చుక్కలు పొడిచే ప్రింటరు ఒకటి ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిరి. ఇచ్చిరి గానీ, ఏమైందంటే, అది హాస్టలు నెట్టుకు కలవదు. ఫోను కలిసె, ల్యాప్‌టాపు కలిసె, ఇది మాత్రం కలవనంటాది. పరీక్షలు చూస్తే దగ్గరికొచ్చె. ఇంగ ఆ పిల్ల కర్ర తట్టుకుంటా నెట్టాఫీసుకు పోయింది. ఆడ జయచంద్ర అని ఒక సారు. ఆయనేమన్నాడంటే, ప్రింటర్లు కలపకూడదమ్మా, రూలు, కలిపితే హాస్టలందరి ఫోన్లలో అగపడతాది, ఎవరు పడితే వాళ్లు నీ రూములో కాగితాలు తీస్తారు, వైరుతో నీ ల్యాప్‌టాపుకే తగిలిచ్చుకో, అన్నాడు. "వైరు పెట్టే బొక్క ఇరిగిపోయింది సార్. ల్యాప్‌టాపు చదివి ఇనిపిస్తాది గానీ, ఆ మిషను గొంతుతో పాఠం ఇంటే నాకు బుర్రలో నిలబడదు. వేలికి తగిలితేనే నిలబడేది" అనె ఈ పిల్ల. అది ఇని ఆయప్ప వార్డెనమ్మను అడిగి, తనే రూముకొచ్చి, ప్రింటరు కడుపు కింద రాసిన పన్నెండక్షరాల నెంబరు చూసి, హాస్టలు నెట్టు పట్టీలో ఎక్కిచ్చె. దానికి మాబున్ని అనే పేరు పెట్టె. ఇంకొకరికి అగపడకుండా తాళం వేయాల, అది మాత్రం మరిచిపోయె. మనిషి కదా.

ఒకనాడు మధ్యాన్నం. సన్నగా తుంపర పడతాంది. హాస్టలంతా కునుకు తీస్తాంది. మాబున్ని కిటికీ పక్కన మంచమ్మీద ఒరిగి ఉండాది, నిద్రో మెలకువో తెలీదనుకో. కిటికీ రేకు మీద తుంపర చప్పుడు, ఆ చప్పుడులోనే ఇంకో చప్పుడు కలిసె. టకటకా, టకటకా. ప్రింటరు దానంతటదే పొడస్తాంది! కలేమో అనుకునింది. చెయ్యి చాపితే కాగితం తగిలె. వేలు పెట్టి చూస్తే 'అయ్యా' అని ఉండాది. ఇంగ వేలు ఆగలేదు, నీళ్ల మీద ఆకు పోయినట్టు మెల్లగా పోతానే ఉండాది. 'అయ్యా, నా సీటు రద్దు చేసి నా సర్టిఫికెట్లు ఇచ్చేయండి. చదువు రాక కాదు. వచ్చి మూడు నెల్లయింది, ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. నేను ఉన్నానో లేనో నాకే తెలీడం లేదు. ఇట్లు, గంగాభవాని, రూము ముప్పై ఎనిమిది.' మళ్లా చదివింది, ఇంకోసారి చదివింది. ఎవరో పక్కన కూచోని చెవిలో చెప్పినట్టే ఉండెనంట ఆ పిల్లకు.

పైన ఆ గంగాభవాని ఏం చేసిందంటే, ఫోన్లో ఏ ప్రింటరు పేరు అగపడితే అది నొక్కేసింది. మాబున్ని ఎవరో ఆ పిల్లకేం తెలుసు! వాచ్‌మనమ్మను అడిగి, రూము కనుక్కోని, దిగొచ్చింది. తలుపు తీసే ఉండాది. చూస్తే కాగితం మీద అక్షరం ముక్క లేదు, అంతా పొక్కులే. హమ్మయ్య, ఎవరూ చదవలేదులే అనుకునింది.

"అక్కా, పొరపాటున నా కాగితం మీ దాంట్లోకొచ్చింది. చెడిపోయినట్టుంది. ఇయ్యక్కా, పారేస్తా" అనె.

మాబున్ని ఇయ్యలేదు. కాగితం ఒళ్లో పెట్టుకోని, మంచమ్మీద పక్కకు జరిగి, "రా గంగాభవానీ, కూచో" అనె.

ఆ పిల్ల వాకిట్లోనే నిలబడిపోయిందంట. మళ్లా మెల్లగా వచ్చి పక్కన కూచునె. "ఇంగోసారి పిలువక్కా" అనె. పిలిచింది. ఇంగోసారి పిలిచింది. తుంపర నిలిచిపోయినా ఆ ఇద్దరూ ఆడినుంచి లేయలేదంట. చివరికి మాబున్ని, "ఈ జాబు ఆఫీసులో ఇస్తావా?" అని అడిగితే, "ఆఫీసులో దీన్ని చదివేవాళ్లు ఎవరుండారక్కా" అని కండ్లు తుడుచుకోని నవ్విందంట.

ఇంకోటి రాసి ఇంకేడన్నా ప్రింటు తీయొచ్చు కదా అంటారు మీరు. తీయొచ్చు. తీయలేదు. ఇద్దరూ పరీక్షలు రాసిరి, పాసయిరి. పేరు పెట్టి పిలిచినంత మాత్రాన మనిషి నిలబడతాదా అంటే, ఏమో తల్లీ, మా ఆయన నలభై ఏండ్లుగా నన్ను 'ఏమే' అనే పిలస్తాడు. నాకు రాసేది రాదు కాబట్టి సరిపోయె, లేకుంటే నేనూ ఒక జాబు రాసుందును.