మూడో గ్లాసు నీళ్లు

ఘానాలోని కుమాసీలో ఓ పెద్దాసుపత్రి. ఐసీయూలోంచి బయటికొచ్చిన డాక్టరమ్మకు, గుమ్మం దగ్గర కాచుకుని ఉన్న, లోపలి రోగి అబ్రెఫా తల్లి మళ్లీ గ్లాసు నింపి ఇచ్చింది.

“తాగు తల్లీ.”

“ఇది మూడోది పెద్దమ్మా. మన ఆచారం ప్రకారం వచ్చినవాళ్లకి నీళ్లిచ్చాక కబురడగాలి కదా. ఇక అడగండి.”

“అడిగితే చెప్పేస్తావు.”

“అయ్యో, అబ్రెఫా బతికే ఉన్నాడు! మిషన్ పెట్టి ఊపిరందిస్తున్నాం. రక్తంలో క్యాన్సరని ఇవాళే తేలింది. మందు వెంటనే ఎక్కించాలి. తట్టుకుంటాడో లేదో చెప్పలేను. మీరు సరేనంటేనే ఎక్కిస్తాం.”

“అడక్కుండానే చెప్పేశావే, మర్యాద తెలీని పిల్ల!”

“తర్వాత తిట్టండి. ఎక్కించమంటారా?”

“ఎక్కించు. ఆ గ్లాసిలా ఇచ్చి వెళ్లు. అంత దూరం పోయినవాడు తిరిగొస్తే, నీళ్లిచ్చి కబురడగాల్సింది నేనే.”