రాణి చీర

తాను పన్నెండేళ్లుగా రాణి వేషం కడుతున్న నాటకం సినిమాగా వచ్చిందని విని, ఓ నాటకాల నటుడు తన భార్యను తీసుకుని సూర్యాపేట టాకీసుకు వెళ్లాడు. ఆట ముగిసి బయటికొచ్చారు.

"పద్యం కాంగనే వన్స్ మోర్ అని అరిస్తివి. అందరు నవ్విరి."

"అలవాటే. నాటకంల ఆ మాటకు నేను మల్ల పాడేటోణ్ణి."

"తెరమీదామెకు ఇనబడ్తదా?"

"ఇనబడకున్నా మునగాల ఊరోళ్లకు ఆమెనే కావాలె. ఈసారి జాతరకు మా నాటకం వద్దన్నరు. సినిమా డేరా తెస్తరంట."

"గందుకేనా, ఇయ్యాల నన్ను గూడ తోల్కొస్తివి?"

"నిజం చెప్పు. రాణిగా ఆమె బాగున్నదా, నేనా?"

"నాకేం తెలుసు?"

"గట్లంటవేందే?"

"ప్రతి ఆటకు నా పెండ్లిచీర పట్కపోతివి. ఇంటాడోళ్లు రావద్దని నన్ను ఇంట్లనే ఉంచితివి. ఈ కథ నేను చూసుడు ఇయ్యాల్నే మొదలు. నువ్వెట్లుంటివో ఆ చీరనడుగు."