పెద్దోడూ చిన్నోడూ

ఆ ప్రయోగాత్మక కారును తయారుచేసిన ఇంజనీరు పోయి నెలయింది. ఆ కారును పెట్టిన ప్రదర్శనశాలకు ఆయన భార్య వస్తే, ఆమె మొహం చూడలేక మెకానిక్ కారు అద్దం తుడుస్తూ నిలబడ్డాడు.

"ఒక్కసారి స్టార్ట్ చెయ్యి బాబూ. విమానాలకుండే ఇంజన్ల లాంటివే రెండు బుల్లివి పెట్టానని తెగ మురిసిపోయేవారు."

"ఇప్పుడవి ఇందులో లేవమ్మా. ప్రాజెక్టు ఆపేసిన రోజే పీకేశారు. బరువు కోసం ఇనప దిమ్మలు పెట్టాం."

"మరి ఇందాక నేను లోపలికొస్తుంటే వినపడ్డ ఇంజన్ల మోత?"

"రికార్డింగమ్మా. ఆఖరి పరీక్షనాటిది. మొదట్లో సార్ గొంతుంటే, జనానికెందుకని కోసేశారు. మొత్తం నా ఫోన్లో ఉంది."

"పెట్టు."

ఫోన్లో ఆయన నవ్వాడు. "పెద్దోడా, లే నాన్నా. చిన్నోడా, నువ్వూ లే." ఆ వెంటే రెండు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి హోరెత్తాయి.

"మాకు పిల్లల్లేరు బాబూ," అందామె. "ఈ పిలుపు ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఇంకోసారి పెట్టు."