తప్పు తనదన్న సైరకన్ ఎజే

1996 మార్చి నాలుగవ తేదీన శ్రీమతి సైరకన్ మొల్దోకులోవా గారు కరాకోల్ పట్టణంలోని మా వృద్ధాశ్రమంలో నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. ఆశ్రమవాసుల ఆరోగ్యాన్నీ, వారికి సేవచేసే సిబ్బంది మనసునూ రెండు కళ్లుగా చూసుకుని, మా అందరిచేత ఎజే (అక్క) అని పిలిపించుకున్న ఆ మాన్యురాలిని గురించి పదవీ విరమణ సందర్భంగా రాయమని వంటశాల బాధ్యుడినైన నన్ను ఆదేశించడం గరిటె పట్టిన చేతికి కలం ఇవ్వడమే. అయినా ఆమెను దగ్గరగా ఎరిగినవాణ్ని గనుక సంతోషంగా శిరసావహిస్తున్నాను.

తొలి సంవత్సరాలలో పరిశుభ్రత గురించి గోడల నిండా సూచనలు ఉండేవి, చదివేవారే లేరు. శిక్షణ బాధ్యత తమకు అప్పగించగానే సైరకన్ గారు మన ఇళ్లలో అతిథికి జరిగే మర్యాదనే పాఠంగా మలిచారు. భోజనానికి ముందు సిబ్బందిలో అందరికంటే చిన్నవారు కొమ్ముచెంబుతో ప్రతివారి చేతులపై గోరువెచ్చని నీళ్లు పోయాలి, పెద్దలు వారిని దీవించాలి. చేతులు కడుక్కోమంటే చిన్నబుచ్చుకునే వృద్ధులు సైతం దీవించే అవకాశం కోసం తామే ముందుగా చేతులు చాచేవారు. మా అందరికీ తాతలాంటి ఆశ్రమవాసి కాసిమ్ అతా దీవెన ముగించేసరికి నేను వండిన మాంసపు చారు, షోర్పో, చల్లారిపోయేది.

ఒక వసంతంలో వాంతులు, విరేచనాలు ఆశ్రమాన్ని చుట్టుముట్టాయి. కాసిమ్ అతా కోలుకోలేదు. నీళ్లు పోసే సహాయకురాలు బురుల్ తన అనారోగ్యాన్ని దాచి పనికి వచ్చినట్లు తేలింది. ఖననం జరిగిన మరునాడు అప్పటి సంచాలకులు ఎసెంబెక్ గారు ఆమెను తొలగించడానికే మమ్మల్నందరినీ సమావేశపరిచారు. ఇద్దరు బిడ్డలను ఒంటరిగా పెంచుతున్న ఆమెకు ఆ ఉద్యోగమే ఆధారం.

"ఒంట్లో బాలేదని చెప్పడానికి నోరు రాలేదా నీకు?" అని ఆయన గద్దించారు.

"చెబితే రేపట్నుంచి రావద్దంటారని భయమేసింది బైకే, అన్నయ్యా," అంటూ బురుల్ ఏడ్చింది.

సైరకన్ గారు లేచి, బురుల్ రోజూ భుజాన వేసుకునే తువ్వాలును బల్లమీద పరిచారు.

"దాన్నొక్కదాన్నే అంటావేం ఎసెంబెక్? నీళ్లు పోయమన్నది నేను. అందరూ ఈ ఒక్క తువ్వాలుకే తుడుచుకుంటుంటే ముచ్చటపడి చూసిందీ నేనే. కడిగిన చేతులకి మళ్లీ జబ్బు పూసింది ఇదే. పంపితే నన్ను పంపు."

"నువ్వెళ్తే వీళ్లకి నేర్పేదెవరు ఎజే?"

"అయితే బురుల్ కూడా ఉంటుంది. ఇవాళ దీన్ని గెంటేస్తే, రేపు జబ్బుపడ్డ ప్రతివాళ్లూ నోరు కుట్టుకుని పనికొస్తారు. అప్పుడెన్ని తువ్వాళ్లు మార్చి ఏం లాభం?"

చివరకు సంచాలకులు, కోలుకునేదాకా ఇంటివద్దే ఉండమనీ, జీతం ఆగదనీ బురుల్‌కు చెప్పారు. ఒకే తువ్వాలు చేతులు మారడమే ఆత్మీయత అనుకునే మా అందరికీ ఆ రోజు కళ్లు తెరుచుకున్నాయి. వారం తిరిగేలోగా సైరకన్ గారు మనిషికొక చేతిగుడ్డ కుట్టించారు; వాటిని ఉడకబెట్టడానికి నా వంటశాలలోని పెద్ద గుండిగను లాక్కుపోయారు. ఈనాటికీ తిరిగివ్వలేదు. అటుపైన ఈ ప్రాంతపు ఆశ్రమాలన్నిటా ఆమె శిక్షణ ఇచ్చారు. ఎక్కడా కాసిమ్ అతా పేరు తలవకుండా, తమ పొరపాటు చెప్పకుండా పాఠం ప్రారంభించలేదు.

మహమ్మారి వచ్చిన ఏడాది, తొలి దగ్గుకే సైరకన్ గారి తలుపు తట్టి "ఎజే, నాకు బాలేదు" అన్నది బురుల్. జబ్బుతో ఇంటికి వెళ్లింది బురుల్ ఒక్కతే. ఆమె చూసుకునే పెద్దలందరూ ఆ శీతాకాలాన్ని క్షేమంగా దాటారు. రేపటినుండి శిక్షణ బాధ్యత బురుల్ గారిదే.

సైరకన్ గారూ, మీరు మనవల నడుమ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఏనాటికైనా మీకు ఒకరి ఆసరా కావలసివస్తే, మిమ్మల్ని తాకే చేతులు శుభ్రంగా ఉండాలనీ, "ఇవాళ నాకు బాలేదు, నేను ముట్టుకోను" అని చెప్పగల ధైర్యం ఆ మనుషులకు ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను.