కొడుకు రాసిన చలానా

ఉదయం తొమ్మిది గంటలు. వంటగదిలో ముగ్గురున్నారు: ఇరవై ఆరేళ్ళుగా బడి వ్యాను నడుపుతున్న తల్లి, ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా చేస్తున్న కొడుకు, అతని యూనిఫాం ఇస్త్రీ చేస్తున్న కోడలు. పదకొండింటికి కోర్టు. తల్లికి చలానా రాసింది కొడుకే.

"అలా కాదు, లేచి నిలబడి చెప్పు. సాక్షి కూర్చుని చెప్పడు."

"అమ్మా, నేనింకా టీ కూడా తాగలేదు."

"తాగుతూ నిలబడు. కోడలా, నువ్వు జడ్జివి."

"నాకు ఇస్త్రీ ఉందత్తయ్యా."

"చేసుకుంటూ విను. జడ్జిలు కూడా ఏదో ఒకటి చేసుకుంటూనే వింటారు. సరే, మొదలుపెడుతున్నా. కానిస్టేబుల్ గారూ, ఆ రోజు పొద్దున ఎనిమిదీ ఇరవైకి మీరెక్కడున్నారు?"

"నువ్వు నన్ను 'గారూ' అంటుంటే భయమేస్తోందమ్మా."

"కోర్టులో 'ఒరేయ్' అనకూడదట. వకీలు గుమాస్తా చెప్పాడు. జవాబు."

"లైబ్రరీ కూడలిలో. డ్యూటీలో."

"కూడలిలో ఎక్కడ?"

"మందుల షాపు దగ్గర."

"షాపు ముందా, షాపు అరుగు మీదా?"

"... అరుగు మీద."

"అరుగు మీద నిలబడి చేస్తారా డ్యూటీ?"

"ఎండగా ఉంది."

"ఎనిమిదీ ఇరవైకి ఎండ. జడ్జిగారూ, రాసుకోండి."

"రాసుకున్నానత్తయ్యా."

"దేంతో?"

"మనసులో."

"సరే. మీకూ మా వ్యానుకీ మధ్య ఏముంది?"

"రోడ్డు."

"రోడ్డు మీద?"

"ఒక బస్సు."

"వెళ్తున్న బస్సా, ఆగిన బస్సా?"

"ఆగిన బస్సు."

"అంత బస్సు అడ్డం ఉండగా వ్యాను గీత దాటడం మీకెలా కనబడింది?"

"ఆ బస్సు ఎందుకాగిందమ్మా? ఎరుపు పడిందనే కదా. దాని పక్కనుంచి నువ్వు..."

"అడిగినంతవరకే చెప్పండి."

"చెప్తున్నాగా!"

"ఎక్కువ చెప్తున్నారు. తర్వాత ఈల వేశారు. నేను ఆపాను. బండి ఆపించిన పోలీసు ముందుగా ఏం చెయ్యాలి?"

"ఎందుకు ఆపాడో చెప్పాలి."

"చెప్పారా?"

"చెప్పాను."

"మీరన్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి."

"'అమ్మా, ఏంటిది?' అన్నాను."

"జడ్జిగారూ, 'ఏంటిది' అన్నది కారణమవుతుందా?"

"అవ్వదత్తయ్యా. ఆయన ఈ ఇంట్లో రోజుకి పదిసార్లంటారు ఆ మాట."

"నువ్వు నా భార్యవి."

"ప్రస్తుతం జడ్జిని."

"తర్వాత లైసెన్సు అడిగారు. నేనేమన్నాను?"

"'బీరువాలో నీ పుట్టిన కాగితం పక్కనే ఉంటుంది, సాయంత్రం ఇంటికొచ్చాక చూసుకో' అన్నావు."

"కానీ చూపించాను."

"చూపించావు. నీ సంచిలోనే ఉంటే పక్క సీటులో పాప తీసిచ్చింది."

"అడిగిన కాగితాలన్నీ చూపించాను. గొంతు పెంచలేదు. బండి దిగమంటే దిగాను. అవునా కాదా?"

"అవును."

"అప్పుడు పిల్లలు ఏమడిగారు?"

"అది కేసుకి సంబంధం లేదు."

"'వ్యానమ్మా, ఈయన మీ అబ్బాయేనా?' అనడిగారు. మీరేమన్నారు?"

"అది వదిలెయ్యమ్మా."

"ఏమన్నావురా?"

"అత్తయ్యా, 'ఒరేయ్' వచ్చేసింది."

"క్షమించండి జడ్జిగారూ. ఏమన్నారు?"

"'డ్యూటీలో కాదు' అన్నాను."

"పద్నాలుగు మంది పిల్లల ముందు. నా సొంత వ్యాను పక్కన నిలబడి. నువ్వూ అదే వ్యానులో వెనక సీటుకి చూయింగ్ గమ్ అంటించి పెరిగినవాడివే."

"అది నేను కాదు."

"ఇంకా ఉంది అది. కావాలంటే వెళ్ళి చూడు. సరే, చలానా మీద సంతకం పెట్టమన్నారు. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కాగితం అందిందన్నట్టే, అని నాకు చెప్పారా?"

"లేదు."

"విచారణ కావాలని కోరే హక్కు నాకుందని, ఆ కాగితం వెనకే రాసుందట. అది చదివి వినిపించారా?"

"అవి చిన్నక్షరాలమ్మా. ఎవరూ చదవరు."

"కోడలు చదివింది. ఆ పిల్ల చదవకపోతే నాకెలా తెలిసేది? ఎవరికి ఏది చదివి పెట్టాలో మీకేం తెలుసు?"

"అత్తయ్యా, మధ్యలో నేనొకటి అడగొచ్చా?"

"జడ్జి ఏమైనా అడగొచ్చు."

"ఏమండీ, ఆ పూట మీ పైవాళ్ళెవరైనా అక్కడ ఉన్నారా?"

"లేరు."

"మరి నోటితో ఓ మాట చెప్పి వదిలెయ్యొచ్చుగా. ఎదురింటాయన్ని రెండుసార్లు వదిలేశారు."

"రాయాల్సొచ్చింది."

"ఎందుకు రాయాల్సొచ్చింది?"

"రాయాల్సొచ్చింది, రాశాను."

"ఆ పూట మొత్తానికి ఎన్ని రాశారు?"

"... ఒకటి."

"విన్నావా కోడలా. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా ఊరంతా బుద్ధిగా నడిపింది. తప్పు చేసిందల్లా వీడి కన్నతల్లి ఒక్కత్తే."

"అమ్మా, ఎంతవుతుందో అది కట్టేసి ఊరుకుందామని ఆ రోజే చెప్పాను. నేనే కడతానన్నాను."

"కట్టడమంటే ఒప్పుకోవడం. ఇరవై ఆరేళ్ళలో నా పేరు మీద ఒక్క మచ్చ లేదు. సెలవులు అయిపోయాయి, సోమవారం బడి తెరుస్తున్నారు. ఆలోపు ఇది తేలకపోతే వ్యాను ఇంకొకరికి ఇస్తానంది హెడ్మిస్ట్రెస్. నేనేం చెయ్యను? ఇంట్లో కూర్చుని నీ చొక్కాలు లెక్కపెట్టనా?"

"లెక్కపెట్టడానికి మూడే ఉన్నాయత్తయ్యా. అవీ నేనే చూస్తున్నాను. నాకొకటి తోస్తోంది, చెప్పనా?"

"చెప్పు."

"రాసిన కానిస్టేబుల్ కోర్టుకి రాకపోతే కేసు కొట్టేసే వీలుందని గుమాస్తా అన్నాడు కదా. ఈయన్ని వెళ్ళొద్దనండి. జ్వరమని పడుకుంటారు."

"నేను వెళ్తాను."

"వాడు రావాల్సిందే."

"ఇద్దరిదీ ఒకటే మాటైతే ఇంక గొడవెక్కడుంది?"

"నువ్వు ఇస్త్రీ చూడు. కాలరు కాలుతోంది."

"కాలట్లేదత్తయ్యా."

"కాలబోతోంది."

"అమ్మా, ఇప్పుడు నేనొకటి అడుగుతాను."

"నాకు నోరు మెదపకుండా ఉండే హక్కుంది."

"ఒక్కటే. గీత దాటేటప్పుడు ఏ రంగు ఉంది?"

"అభ్యంతరం."

"దేనికి?"

"నా మీద నేనే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదు. రుజువు చెయ్యాల్సింది మీరు."

"పచ్చ అని చెప్పమ్మా. ఒక్కసారి నా ముఖం చూసి పచ్చ అను. నేను నమ్ముతాను. వెళ్ళి పొరపాటున రాశానని చెప్తాను."

"చెప్పను."

"పోనీ పసుపు అను."

"అనను."

"ఏదో ఒకటి అనమ్మా!"

"హక్కు అంటే హక్కే. అరవకు. జడ్జి ముందు అరుస్తారా?"

"అరవొద్దండీ."

"సరే. ఎందుకు రాశానో చెప్తాను. అడిగారు కదా, వినండి. సిగ్నల్ దూకేవాళ్ళని నేను రోజూ చూస్తాను. దూకే ముందు అటూ ఇటూ చూస్తారు. నన్ను చూస్తారు. తర్వాత ఒక్క తొక్కు తొక్కుతారు. దొంగతనం ముఖంలోనే తెలిసిపోతుంది. నువ్వు తొక్కలేదు. బ్రేకూ వెయ్యలేదు. అటూ చూడలేదు, ఇటూ చూడలేదు. పిల్లలు పాడుతుంటే తలాడిస్తూ, ఎంత నిదానంగా వస్తున్నావో అంతే నిదానంగా, అక్కడ కూడలే లేనట్టు వెళ్ళిపోయావు."

"అందులో తప్పేముంది? నిదానంగా వెళ్ళాను."

"ఎడమవైపు నుంచి నీళ్ళ ట్యాంకరు వచ్చిందమ్మా."

"ట్యాంకరా?"

"ట్యాంకరే. జానెడు దూరంలో ఆగింది. చివరి కిటికీలోంచి ఒక పిల్లాడు నాకు చెయ్యి ఊపుతున్నాడు. వాడి చేతికీ ఆ ట్యాంకరుకీ మధ్య జానెడు."

"... ఏదో హారను వినబడింది నాకు."

"అదే."

"బస్సు వాడనుకున్నాను."

"బస్సు కాదు."

"ఏమండీ, ఈ ట్యాంకరు సంగతి చలానాలో లేదే?"

"రాయలేదు."

"ఎందుకు?"

"రాస్తే లైసెన్సు పోతుంది. నా చేత్తో ఎలా రాయను? అసలేమీ రాయకుండా వదిలేద్దామన్నా చెయ్యి రాలేదు. అందుకే సిగ్నల్ ఒక్కటే రాశాను. ఒక చలానా పడితే భయపడి కాస్త చూసుకుని నడుపుతావనుకున్నాను. నువ్వు కోర్టుకెక్కుతావని నాకేం తెలుసు?"

"కోర్టులో ఇదంతా చెప్తావా?"

"నేనుగా చెప్పను. అడిగితే చెప్తాను. ప్రమాణం చేయిస్తారు కదమ్మా."

"చెప్పాలి మరి. టీ చల్లారిపోయింది, వేడిచేసి ఇవ్వనా?"

"వద్దు."

"పంచదార తక్కువైందా?"

"అమ్మా."

"సరే సరే. అయిపోవచ్చింది. నాకింకొక్క ప్రశ్న మిగిలింది."

"అడగండత్తయ్యా. నాదీ అయిపోవచ్చింది, చొక్కాకి ఒక చెయ్యి మిగిలింది."

"ఆ సిగ్నల్ ఆ రోజు పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"కరెంటు పోలేదూ?"

"పోలేదమ్మా."

"పొద్దునే పోయి మళ్ళీ వచ్చిందేమో. ఒక్క నిమిషం పోయి వస్తుంది ఒక్కోసారి."

"పోలేదు. నేనక్కడే ఉన్నాను."

"బల్బు మాడిపోయిందేమో. దుమ్ము పట్టిందేమో. ఎవరైనా ఎక్కి చూశారా?"

"ఎక్కి చూడాల్సిన పనేముంది? ఆ అరుగు మీంచి, బస్సు పైనుంచి, నాకు ఇంతెత్తున ఎర్రగా కనబడింది."

"నీ కళ్ళతో చూశావా?"

"నా కళ్ళతో చూశాను."

"ఖాయంగా?"

"ఖాయంగా. కోర్టులో కూడా ఇదే అడుగు. ఇదే చెప్తాను."

"కోర్టులో అడగన్లేరా. నీ నోట వినాలనే ఇంత దూరం తెచ్చాను. కరెంటు పోయిందనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నాకక్కడ ఏ లైటూ కనబడలేదు."